పుర్రచేతి తుపాకీ

ముందు వార్త చెప్పేస్తాను, కడుపులో దాచుకోవడం నా వల్ల కాదు. మొన్న డిసెంబరులో నాకు డిగ్రీ వచ్చింది. నాన్న వైపు అన్నదమ్ముల పిల్లల్లో, అమ్మ వైపు అక్కచెల్లెళ్ల పిల్లల్లో, పట్టా చేత్తో పట్టుకుని స్టేజీ దిగిన మొదటిదాన్ని నేను. నాన్న పదో తరగతి తప్పాడు. అమ్మ ఏడుతో ఆపేసింది. వర్జీనియాలో ఈ ఆష్‌బర్న్‌లో మా చుట్టుపక్కల వాళ్లంతా రెండేసి డిగ్రీలు పెట్టెలో పెట్టుకుని విమానం దిగారు. మేం నాన్న గరిటె పట్టుకుని దిగాం. నాన్న ఇక్కడొక ఆంధ్రా రెస్టారెంట్‌లో వంట మాస్టర్. అదే వంటింట్లో పచ్చళ్లు, పొడులు అమ్మ చూసుకుంటుంది. దిగినప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

నేను చదివింది వైల్డ్‌లైఫ్. అడవిలో ఏ జంతువు ఎంత ఉంది, ఏం తింటోంది, ఎక్కువైతే ఏం చెయ్యాలి, తక్కువైతే ఏం చెయ్యాలి, ఇదీ చదువు. రెస్టారెంట్‌కి వచ్చే ఆంటీలు నాలుగేళ్లూ నన్ను ఒకటే అడిగారు. “అయితే జూలో జాబ్ వస్తుందా అమ్మా?” జూలో కాదు ఆంటీ, అడవిలో. వచ్చింది కూడా. ఫిబ్రవరిలో చేరుతున్నాను, జింకల లెక్కలు చూసే పని. ఈ రెండు వార్తలూ ఫోన్లో అందరికీ చెప్పేశాను. మూడోది ఫోన్లో చెబితే సగం మందికి అర్థం కాలేదు, అందుకని కూర్చుని రాస్తున్నాను. అది నా తుపాకీ సంగతి.

సెకండియర్‌లో ఫీల్డ్‌వర్క్‌కి నన్ను బ్లూ రిడ్జ్ కొండల దిగువన ఒక పెద్దాయన అడవికి పంపారు. స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. అక్కడ నా పని ఓక్ మొలకలు కొలవడం. కంచె వేసిన చోట మొలకలు నా నడుం దాకా వచ్చాయి. కంచె లేని చోట ఒక్కటి కూడా మోకాలు దాటలేదు. జింకలు ఎక్కడికక్కడ కొరికేశాయి. తోడేళ్లు ఎప్పుడో పోయాయి, జింకలకి అడ్డూ అదుపూ లేదు. ఇంకో ముప్పై ఏళ్లకి ముసలి చెట్లు పడిపోతే వాటి చోట నిలబడేందుకు పిల్ల చెట్టు ఒక్కటీ ఉండదు.

“లెక్క బాగా రాశావు. మరి తగ్గించేది ఎవరు?” అన్నాడు పెద్దాయన. ఆయన మోకాళ్లు అప్పటికే కొండెక్కడం మానేశాయి.

నేను హంటర్ సేఫ్టీ క్లాసులో చేరాను. పరీక్ష పాసయ్యాను, లైసెన్స్ తీసుకున్నాను. మొదటిసారి అమ్మతో చెప్పింది నాకింకా గుర్తుంది.

“అమ్మా, రేపు పొద్దున వేటకెళ్తున్నా.”

“వేట ఇప్పుడెందుకే? ఫ్రీజర్ నిండా ఉంది. నిన్ననే నాన్న కొట్టించుకొచ్చాడు.”

మా వైపు వేట అంటే మేక మాంసం. జింకల వేట అని విడమరిచి చెప్పేసరికి అమ్మ చేతిలో మిక్సీ జార్ కింద పెట్టేసింది.

“జింకనా? దాని కళ్లు చూశావా ఎప్పుడన్నా?”

“మేక కళ్లు చూశావా నువ్వు?”

“మేకని నేను చంపట్లేదుగా!”

“ఎవరో ఒకరు చంపితేనేగా నువ్వు వండేది?”

“నోరు ముయ్యవే. ఆడపిల్లవి, పైగా మన రంగు. తుపాకీ పట్టుకుని చెట్ల మధ్య తిరిగితే ఎవడైనా చూసి ఏమనుకుంటాడో, ఏం చేస్తాడో!”

ఆ చివరి మాటకి నేను నవ్వలేదు. నారింజ రంగు కోటు వేసుకుంటానని, పెద్దాయన రాసిచ్చిన అనుమతి కాగితం జేబులో ఉంటుందని, ఎక్కడున్నానో ఫోన్లో కనిపిస్తూనే ఉంటుందని చెప్పాను. అమ్మ వింది కానీ ఒప్పుకోలేదు.

ఆ రెండు సీజన్లూ పెద్దాయన పాత తుపాకీతో, ఆయన చెట్టుకి కట్టిన మంచె మీద కూర్చున్నాను. కూర్చున్నాను అనడం అబద్ధం. మా ఇంట్లో ఎవరం కూర్చునే రకం కాదు. నాన్న రోజంతా పొయ్యి ముందు నిలబడతాడు, అమ్మ టీవీ కూడా నిలబడే చూస్తుంది. నేను పది నిమిషాలకోసారి కదిలేదాన్ని. జింక కాదు కదా, ఉడత కూడా నా దగ్గరికి రాలేదు.

ఆఖరి సంవత్సరం సొంత తుపాకీ కొనుక్కుందామని నిశ్చయించుకున్నాను. రెస్టారెంట్‌కి శుక్రవారం శుక్రవారం బిర్యానీకి వచ్చే అంకుల్ ఒకరున్నారు. డేటా సెంటర్‌లో పెద్ద ఉద్యోగం. ఏడాదికోసారి కొలరాడో వైపు వెళ్లి, గుర్రమంత ఉండే ఎల్క్ అనే కొమ్ముల జంతువుని వేటాడి వస్తారు. నాకు తెలిసిన తెలుగువాళ్లలో తుపాకీ ఉన్నది ఆయనకొక్కరికే.

“ఎమోషనల్‌గా కొనొద్దమ్మా. ఒక షీట్ చేద్దాం,” అన్నారు.

చేశాం. అడ్డంగా తుపాకుల పేర్లు, నిలువుగా గుణాలు. ఎంత దూరం కొడుతుంది, గురి ఎంత కచ్చితం, భుజానికి ఎంత తన్నుతుంది, రివ్యూలు ఎలా ఉన్నాయి, రేపు అమ్ముకుంటే రీసేల్ ఉందా. మనవాళ్లు కారు కొన్నా, ఇల్లు కొన్నా, వెట్ గ్రైండర్ కొన్నా ఇంతే కదా. గడి గడికీ మార్కులు వేసి కింద టోటల్ కొట్టాం. పొడుగాటి గొట్టం, బరువైన చెక్క, పైన దుర్భిణి లాంటి పప్పుగుత్తంత స్కోప్ ఉన్న బోల్ట్ రైఫిల్ ఫస్టొచ్చింది. దాని బోల్ట్‌ని తలుపు గడియలా కుడిచేత్తో వెనక్కి లాగి ముందుకి తోస్తే తూటా లోపలికెళ్తుంది. ఐదొందల గజాల అవతల కూడా గురి తప్పదట.

“బెస్ట్ ఇన్ క్లాస్. కళ్లు మూసుకుని తీసుకో,” అన్నారు అంకుల్.

ఆ షీట్‌లో నా గురించి ఒక్క గడి కూడా లేదు. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

కొండల దారిలో చిన్న ఊళ్లో ఉంది తుపాకుల షాపు. కౌంటర్ వెనక మా అమ్మ వయసావిడ, మెడలో గొలుసుకి కళ్లద్దాలు వేలాడుతున్నాయి. నేను తుపాకీ పేరు చెప్పగానే తీసివ్వకుండా ముందు ప్రశ్నలు వేసింది.

“నువ్వు కూర్చుని వేటాడతావా, నడిచి వేటాడతావా?”

“రెండూ,” అన్నాను, కారం ఎంత వెయ్యమంటారు అని అడిగితే మీడియం అన్నట్టు.

“నువ్వు తిరిగే చోట ఎంత దూరం కనిపిస్తుంది?”

షీట్‌లో ఉన్న అంకె చెప్పాను. “ఐదొందల గజాలు.”

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని నన్ను ఒకసారి చూసింది. వర్జీనియా అడవిలో ఐదొందల గజాలు కనబడాలంటే ముందు చెట్లన్నీ నరికెయ్యాలి. ఆ సంగతి ఆవిడకి తెలుసు, మూడేళ్లు అదే అడవిలో మొలకలు కొలిచిన నాకూ తెలియాలి. ఫారాలు నింపాను, గ్రీన్ కార్డ్ చూపించాను, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది. పెట్టె కారులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

అమ్మ పెట్టె మూత ఎత్తి చూసి మూసేసింది. “రిసీట్ జాగ్రత్తగా పెట్టావా? నెల రోజుల్లో ఇచ్చెయ్యొచ్చుగా?”

“తుపాకీ రిటర్న్ తీసుకోరమ్మా. షాపు గుమ్మం దాటితే ఇంక మనదే.”

“అదేం షాపే! ఈ దేశంలో వాడిన పరుపు కూడా వెనక్కి తీసుకుంటారు!” అంది అమ్మ. తుపాకీ కొన్నందుకు పడ్డ కోపం కన్నా రిటర్న్ లేదన్నందుకు పడ్డ కోపమే ఎక్కువ.

దసరాకి నాన్న తన కత్తులన్నీ కడిగి, తుడిచి, వరసగా పరిచి బొట్లు పెట్టాడు. కారుకి పెట్టాడు, మిక్సీకి పెట్టాడు. కుంకుమ వేలు గాల్లో ఉంచి అమ్మ వైపు చూశాడు. “దానికి కూడా పెట్టనా?”

“అదేం పని చేసిందని పూజ? ముందు ఏదన్నా చేసి చూపించమను.”

“చూపిస్తా,” అన్నాను నేను. రోషం వచ్చేసింది. “నా గ్రాడ్యుయేషన్ భోజనాల్లోకి మాంసం నేనే తెస్తా. నాన్న వండాలి.”

“తేలేకపోతే?”

“తేలేకపోతే తుపాకీ అమ్మేస్తా. ఇంక వేట మాటెత్తను.”

“ఒట్టు?” అని అమ్మ చెయ్యి చాపింది. నేను నా చెయ్యి వేశాను. అమ్మ విదిలించేసింది. “కుడి చెయ్యే! ఇంత చదువు చదివావు, ఒట్టు ఏ చేత్తో వెయ్యాలో తెలీదా?”

కుడి చెయ్యి వేశాను. చిన్నప్పట్నుంచీ అలవాటే. నేను పుట్టుకతో పుర్రచేతి దాన్ని. పలక మీద అ ఆలు ఎడమచేత్తో దిద్దితే అమ్మ ఆ చేతికి వేపాకు ముద్ద రాసి గుడ్డ కట్టేది. కోపంతో కాదు. పుర్రచేత్తో అన్నం తినే పిల్లని ఎవరింటికి తీసుకెళ్తాం అని భయం. మూడో తరగతికల్లా కుడిచేత్తో రాయడం, తినడం, దణ్ణం పెట్టడం అన్నీ వచ్చేశాయి. నేను కుడిచేతి వాటం దాన్నేనని నేనే నమ్మేశాను.

నవంబరులో సీజన్ మొదలైంది. మొదటి శనివారం ఆ పొడుగాటి తుపాకీ భుజాన వేసుకుని పెద్దాయన అడవిలోకి నడిచాను. నడిచాను అనే కన్నా ఈడ్చుకెళ్లాను అనడం నిజం. ఆ అడవిలో కింద మొత్తం ముళ్లతీగలు, గుబురు పొదలు. గొట్టం ప్రతి కొమ్మకీ తగులుకుంది. గంటకే చెయ్యి పీకేసింది. అప్పుడే నా ముందు ముప్పై అడుగుల దూరంలో జింక లేచింది. తుపాకీ ఎత్తి స్కోప్‌లోంచి చూశాను. కనిపించింది గోధుమరంగు వెంట్రుకలు మాత్రమే. దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాక్కొచ్చే ఆ అద్దానికి, కళ్లెదుట ఉన్న జింక తలేదో తోకేదో చూపించడం చేతకాలేదు. నేను వెతుక్కునే లోపల తెల్లతోక ఎగరేసుకుంటూ వెళ్లిపోయింది.

రెండో శనివారం మంచె ఎక్కి, ఒళ్లు బిగబట్టి కూర్చున్నాను. పొలం అంచుకి జింక వచ్చింది. కొట్టాను. తప్పింది. నయం, పూర్తిగా తప్పింది, గాయపడలేదు. పెద్దాయనా నేనూ వెతికి వెతికి నిర్ధారించుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. డిసెంబరు దగ్గర పడుతోంది, ఒట్టు నెత్తిమీదుంది.

పెద్దాయన నన్ను తన గడ్డివాము వెనక్కి తీసుకెళ్లి అట్టముక్క నిలబెట్టి కాల్చమన్నాడు. అన్నీ ఎడమకి పోయాయి. ఆయన గడ్డం గీరుకున్నాడు.

“తుపాకీ కింద పెట్టు. రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతుల మధ్య చిన్న కన్నం ఉంచి, అందులోంచి ఆ కంచె గుంజని చూడు. ఇప్పుడు ఎడమ కన్ను మూయి. గుంజ ఉందా?”

“లేదు. పోయింది.”

“కుడి కన్ను మూయి.”

“ఉంది!”

“నీ పెత్తనమంతా ఎడమకంటిది. ఏ చేత్తో రాస్తావు?”

“కుడి.”

ఆయన నమ్మనట్టు చూసి, వంగి ఒక రాయి తీసి నా ముందు పడేశాడు. “ఆ రేకు డబ్బాని కొట్టు.”

ఆలోచించకుండా తీసి విసిరేశాను. డబ్బా ఠంగున మోగింది. అప్పుడు చూసుకున్నాను. విసిరింది ఎడమచేత్తో.

పెద్దాయన పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. ఇరవై రెండేళ్లు వచ్చి, ఇంకో రెండు వారాల్లో పట్టా పుచ్చుకోబోతూ, నా చెయ్యి ఏదో నాకే తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నం రెస్టారెంట్ వెనకవైపు, నాన్న ఉల్లిపాయల బస్తా ముందు కూర్చోబెట్టి కత్తి ఇచ్చాడు. సెలవుల్లో నాకక్కడ అదే పని. నేను కోస్తూ జరిగిందంతా చెప్పాను. నాన్న నా చేతి వైపు గడ్డంతో చూపించాడు. కత్తి ఎడమచేతిలో ఉంది.

“ఇది నాకెప్పట్నుంచో తెలుసు అమ్మడూ. కుడిచేత్తో కోస్తే నువ్వు బస్తాకి రెండు గంటలు. ఎడమచేత్తో గంట. అందుకే నిన్నిక్కడ, మీ అమ్మకి కనపడకుండా గోడ వెనక కూర్చోబెడతా.”

“మరి చెప్పలేదేం?”

“ఉల్లిపాయలు తరుగుతున్నాయి కదా అని ఊరుకున్నా.” తరిగినవి గిన్నెలోకి తోస్తూ అడిగాడు. “అసలు నువ్వెట్లా వేటాడతావో చెప్పు. కూర్చుంటావా?”

“కూర్చోలేను నాన్నా. మూడడుగులేస్తా, ఆగుతా, చుట్టూ చూస్తా, మళ్లీ మూడడుగులు. మొలకలు కొలిచేప్పుడు అట్లా తిరిగితే జింకలు నా పక్క నుంచే పోయేవి.”

“ఎంత దూరంలో?”

“ఇదిగో, ఆ వాకిన్ ఫ్రిజ్ గది ఉన్నంత దూరంలో.”

“మరి ఆ రోకలిబండ ఎందుకు కొన్నావే!” నాన్న తన కత్తి తీసి నడిమధ్యలో చూపుడు వేలి మీద నిలబెట్టాడు. అది అటూ ఇటూ ఊగి ఆగింది. “కత్తి కొనేప్పుడు నేను పేరు చూడను, పదును కూడా చూడను. పదును నేను పెట్టుకుంటా. చేతికి వాటంగా ఉందా లేదా, అంతే. ఎంత ఖరీదు కత్తయినా వాటం లేకపోతే సాయంత్రానికి వేలు తెగుద్ది. రేపు సోమవారం సెలవేగా, పద.”

సోమవారం ఇద్దరం షాపుకెళ్లాం. కళ్లద్దాలావిడ నన్ను గుర్తుపట్టింది. ఈసారి ప్రశ్నలన్నిటికీ నిజం చెప్పాను. నడుస్తాను. పొదల్లో. నలభై గజాలు, మహా అయితే అరవై. ఎడమచెయ్యి, ఎడమ కన్ను. ఆవిడ మొహం వెలిగిపోయింది. వెనక అరలోంచి ఒక పొట్టి తుపాకీ తీసుకొచ్చింది. ఎవరో వాడి ఇచ్చేసింది, చెక్క మీద గీతలు. ట్రిగ్గర్ కింద ఉంగరంలా ఒక లివర్ ఉంటుంది, దాన్ని కిందికి తోసి పైకి లాగితే తర్వాతి తూటా ఎక్కుతుంది. కుడిచేతివాళ్లకీ, ఎడమచేతివాళ్లకీ ఒకటే. పైన స్కోప్ కూడా చిన్నది, అసలు పెద్దది చేసి చూపించదు, చుట్టుపక్కలంతా కనిపిస్తుంది. తూటా లావుగా నెమ్మదిగా పోయే రకం. దూరం పోదు కానీ దగ్గర్లో గట్టిగా పని చేస్తుంది.

నాన్నకి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆయన ఖాళీ తుపాకీని తీసుకుని, చెయ్యి చాపి, చూపుడు వేలి మీద నిలబెట్టాడు. అది కదలకుండా నిలబడింది. ఆవిడ నాన్నని చూసి, “మీరూ వేటగాళ్లేనా?” అని అడిగింది.

“నో మేడమ్. కుక్,” అన్నాడు నాన్న, ఛాతీ విరుచుకుని.

ఆవిడ నన్ను గోడ మీద ఒక మేకు చూసుకోమంది. కళ్లు మూసుకుని తుపాకీ ఎడమ భుజానికి ఎత్తమంది. ఎత్తాక కళ్లు తెరవమంది. తెరిచాను. అద్దం మధ్యలో మేకు. నేను మెడ వంచలేదు, కన్ను వెతుక్కోలేదు. ఇంకోసారి చేశాను. మళ్లీ మధ్యలోనే. మూడోసారి చేయించింది నాన్న. “తీస్కో,” అన్నాడు తెలుగులో, ఆవిడతోనే. ఆవిడకి అర్థమైపోయింది. పొడుగు తుపాకీని పాత సరుకు రేటుకి ఆవిడకే ఇచ్చేసి, దాని బదులు ఇది తీసుకుని, మిగతా లెక్క చూసుకుని వచ్చేశాం.

ఇంట్లో నేను భుజానికి ఎత్తి చూపిస్తుంటే అమ్మ వచ్చింది.

“ఎడంచేత్తోనా?”

“అవును.”

“అంత చిన్నప్పుడు మాన్పించానే! మంచి పని ఏదీ ఎడంచేత్తో చెయ్యకూడదే!”

“అమ్మా, జింకని చంపడం మంచి పనా, చెడ్డ పనా?”

“చెడ్డ పనే! ఎన్నిసార్లు చెప్పాను?”

“మరి చెడ్డ పని కుడిచేత్తో ఎలా చెయ్యమంటావు?”

నాన్న నవ్వు ఆపుకోలేక గరాజ్‌లోకి వెళ్లిపోయాడు. “లాయర్ చదివించాల్సింది నిన్ను,” అంది అమ్మ. “సరే, చెయ్యి ఏదైనా ఒట్టు ఒట్టే. భోజనాలు ఆదివారం.”

భోజనాల వారం పరీక్షలు బుధవారంతో అయిపోయాయి. గురువారం అడవికెళ్లాను. అంతకు ముందు వారం పెద్దాయన గడ్డివాము వెనక అట్టల మీద కాల్చి కాల్చి, గుప్పిట్లో పట్టేంత చోట అన్ని తూటాలూ పడేలా తెచ్చుకున్నాను కాబట్టి భయం లేదు. జింక కనిపించింది, మంచి దూరంలో, పక్కకి తిరిగి. కానీ దాని వెనక చెట్ల సందులోంచి పక్కింటివాళ్ల రేకుల షెడ్డు కప్పు తెల్లగా మెరుస్తోంది. వెనక ఏముందో చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. తుపాకీ దించేశాను. అది తాపీగా వెళ్లిపోయింది. ఆ రోజు ఇంకేమీ కనబడలేదు.

శుక్రవారం డిగ్రీ. అమ్మ కంచిపట్టు చీర మీద ఉన్నికోటు వేసుకుని వచ్చింది. నాన్న టై కట్టుకున్నాడు, పక్కింటాయన కట్టిచ్చాడు. నా పేరు పిలిచినప్పుడు మైకులో సగం అక్షరాలు మింగేశారు, అయినా నాన్న లేచి నిలబడి వంటింట్లో కేకేసినట్టు కేకేశాడు. ముందు వరసలో వాళ్లంతా వెనక్కి తిరిగారు. తిరగనీ! పది నిమిషాల తర్వాత బయట పచ్చిక మీద ఆ కేక తలుచుకుని నేనే ఇంకోసారి అరిచాను. అమ్మ పట్టాని చీర కొంగుతో తుడిచి, “ఇందులో ఎక్కడుందే నీ పేరు?” అని నాచేత వేలు పెట్టించి చూసుకుంది. తర్వాత కారెక్కుతూ నా చెవిలో అంది, “రేపు ఒక్కరోజే ఉంది. తేలేకపోతే చికెన్ తెప్పిస్తాలే.” ఓడిపోతానని ముందే ఓదార్పు. నాకు ఒళ్లు మండింది.

శనివారం తెల్లవారాక సన్నటి తుంపర. ఆకులు తడిసి అడుగుల చప్పుడు లేదు. పెద్దాయన వరండాలో కాఫీ కప్పుతో కూర్చుని చెయ్యి ఊపాడు. నేను ఓక్ చెట్ల కింద, నేను మూడేళ్లు కొలిచిన మొలకల పక్క నుంచే నడిచాను. మూడడుగులు. ఆగడం. చూడటం. తుపాకీ చేతిలో ఉన్నట్టే లేదు, తీగల సందుల్లోంచి నాతో పాటు దూరింది. గంటన్నర గడిచిందేమో. కుడివైపు గుబురులో చిన్న కదలిక, చెవి. ఆడ జింక, ఎదిగినది, పక్కన కూనలు లేవు. ఆ రోజు ఆడవాటిని కొట్టడానికి అనుమతి ఉంది, నా చదువు ప్రకారం తగ్గాల్సిందీ అవే. దాని వెనక మట్టి గట్టు. నలభై అడుగులు.

ఎత్తాను. ఎడమ భుజం, ఎడమ కన్ను. జింక మొత్తం కనిపించింది, చెవి నుంచి డెక్క దాకా. ఊపిరి సగం వదిలి, ముందు కాలి వెనక చూసుకుని నొక్కాను.

అది నాలుగు గెంతులు వేసి పడింది. మళ్లీ లేవలేదు. నేను లివర్ లాగి ఇంకో తూటా ఎక్కించి నిలబడ్డాను, అవసరం పడలేదు. దగ్గరికెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నాను. నా జీవితంలో అంత సేపు కదలకుండా కూర్చున్నది అదే. అమ్మ చెప్పిన కళ్లు చూశాను. చూసి, దణ్ణం పెట్టాను.

పెద్దాయన మంచు మీద లాగే బండి ఒకటి తెచ్చాడు. నాన్న ఇచ్చిన కత్తితో పొట్ట శుభ్రం చేశాను, ఆయన ఎక్కడ కొయ్యాలో చెబుతుంటే. లైసెన్స్‌తో పాటు జింకకొకటి చొప్పున ఇచ్చే ట్యాగుల్లో ఒకటి కట్టి, ఫోన్లో నమోదు చేశాను. ఆయన షెడ్‌లో తోలు తీసి, ముక్కలు చేసి, మా క్యాటరింగ్ ఐస్ పెట్టెల్లో సర్దాం. తొడ ముక్క ఒకటి ఆయనకిచ్చాను. ఆయన టోపీ తీసి నెత్తి గోక్కుని, “ఈ అడవిలో ఒక నోరు తగ్గింది,” అన్నాడు. అదే ఆయన మెచ్చుకోలు.

ఇంటికొచ్చి పెట్టెలు దించుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద తీసుకొచ్చి నాన్న పక్కన పెట్టింది.

వేటాడిన మాంసం రెస్టారెంట్‌లో వండకూడదు, అందుకని నాన్న పెద్ద బర్నర్ ఇంటి వెనక పచ్చిక మీద పెట్టాడు. “కొవ్వే లేదు దీనికి, మేకలా కాదు. గట్టిగా మంట పెడితే చెప్పులైపోద్ది,” అంటూ పెరుగులో నానబెట్టి, సన్నటి సెగ మీద, గోంగూర వేసి ఒక గుండిగ, మిరియాలతో వేపుడు ఒక మూకుడు చేశాడు. ఆదివారం మధ్యాహ్నం అందరూ వచ్చారు. డిగ్రీ గోడకి ఆనించి ఉంది, ఎవరూ దాన్ని చూడలేదు. అందరూ గుండిగ చుట్టూ మూగారు.

అంకుల్ ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. “సూపర్ అమ్మా! ఎన్ని గజాలు? మూడొందలు? నాలుగొందలు?”

“నలభై అడుగులు అంకుల్.”

“అడుగులా? ఆ రైఫిల్‌తో?”

“అది ఇచ్చేశానంకుల్. పాత లివర్ తుపాకీ, పొట్టిది తీసుకున్నా.”

“షీట్‌లో అది లాస్ట్ వచ్చింది కదమ్మా!”

“రివ్యూలు తక్కువ,” అన్నాడు నాన్న గరిటె తిప్పుతూ, “కూర ఎలా ఉంది?” అంకుల్ మళ్లీ ప్లేటు చాపారు.

నేను అమ్మనే చూస్తున్నాను. ఒట్టు తీర్చాను. తుపాకీ ఉంచుకోవచ్చో లేదో అమ్మ ఇంకా నోటితో అనలేదు. అందరికీ వడ్డించింది, తను మాత్రం ముట్టుకోలేదు. జనం తగ్గాక గోడ పక్కన నిలబడి, చిన్న గిన్నెలో ఒక ముక్క వేసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క వేసుకుంది.

అప్పుడే ఒక ఆంటీ వచ్చింది. “వదినా, ఎంత మెత్తగా ఉందో! ఎక్కడ తెప్పించారు? న్యూజెర్సీ ఎడిసన్‌లో మన షాపు నుంచా?”

“తెప్పించడమేంటి?” అమ్మ గొంతు పెద్దది చేసింది, పచ్చిక మీద మిగిలిన వాళ్లందరికీ వినబడేలా. “మా అమ్మాయే కొట్టుకొచ్చింది. ఒక్క దెబ్బే. మా అమ్మాయిది పుర్రచేతి వాటం, గురి తప్పదు!”

మాన్పించడానికి వేపాకు రాసిన మనిషి ఆ మాటంటుంటే నేను పక్కకి తిరిగి నిలబడ్డాను, నవ్వు కనపడకుండా.

“మా వారికి కూడా చాలా నచ్చింది వదినా. కాస్త ఏమన్నా మిగిలిందా, డబ్బాలో...”

అమ్మ గుండిగలోకి తొంగి చూసింది. అడుగంటా ఊడ్చేశారు. నా వైపు తిరిగి, మార్కెట్‌కి పంపుతున్నంత మామూలుగా అడిగింది. “ఏమే, సీజన్ ఇంకా ఎన్నాళ్లుంది?”

“రెండు వారాలుందమ్మా. ఇంకా ట్యాగులున్నాయి.”

“అయితే వచ్చే శనివారం తెస్తుందిలే వదినా,” అంది అమ్మ ఆంటీతో. “ఇంతకీ తొడ కావాలా మీకు, పక్కటెముకలా?”